కారు గేర్‌బాక్సు ఇబ్బందులు, మీటర్ బోర్డు హెచ్చరిక లైట్లు: నగరానికి వచ్చే రైతులు తెలుసుకోవలసిన విషయాలు

ఒకప్పుడు రైతు ఇంట్లో ట్రాక్టరు ఉంటే గొప్ప. ఇప్పుడు చాలా ఇళ్ల ముందు ట్రాక్టరుతో పాటు కారో, పికప్ బండో ఉంటోంది. శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు నుంచి కూరగాయలు ఎర్రగడ్డ రైతు బజారుకు, బోయిన్‌పల్లి మార్కెట్‌కు సొంత బండ్లలోనే వస్తున్నాయి. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి పెద్దవాళ్లను చూపించడానికి, అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరిన పిల్లల దగ్గరికి వెళ్లడానికి కూడా కారు తీస్తున్నారు. ఊరి రోడ్డు మీద ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టని బండి ఎర్రగడ్డ, ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట దారిలో గంటసేపు ఆగుతూ కదులుతూ వెళ్లేసరికి లోపాలన్నీ బయటపెడుతుంది. క్లచ్ వాసన వస్తుంది, గేరు పడదు, మీటర్ బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది. వెనుక హారన్లు, బండిలో రోగి లేదా వాడిపోతున్న కూరగాయలు. ఆ సమయంలో ఏం చేయాలో తెలియక చాలామంది నష్టపోతున్నారు.

బండి రిపేరు గురించి వ్యవసాయ అధికారి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. తెగులు గుర్తించే పద్ధతి, బండి లోపం గుర్తించే పద్ధతి దాదాపు ఒకటే. ఆకు పసుపు రంగుకు మారగానే యూరియా చల్లమని మేము చెప్పం. ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం కావచ్చు, లేత ఆకులు ముందు పసుపైతే ఇనుప ధాతు లోపం కావచ్చు. రంగు ఒక్కటే, కారణాలు వేరు, మందులూ వేరు. అలాగే "గేరు పడటం లేదు" అనగానే గేర్‌బాక్సు చెడిపోయిందని అనుకోకూడదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా వస్తోందో చూస్తే సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

ఒక అనుభవం

మాకు తెలిసిన ఒక రైతు తన తండ్రిని నిమ్స్‌కు తీసుకువస్తూ పంజాగుట్ట కూడలి దాటాక ఆగిపోయారు. క్లచ్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోంది, మొదటి గేరు కర్రుమంటోంది కానీ పడటం లేదు. తండ్రిని ఆటో ఎక్కించి పంపి, బండిని నలుగురి సాయంతో పక్కకు తోశారు. దగ్గరలోని ఒక షెడ్డు మెకానిక్ వచ్చి పెడల్ ఒక్కసారి తొక్కి చూసి, "అన్నా, గేర్‌బాక్స్ దింపాలె, లోపల పోయింది" అన్నారట. ఆ రైతు నాకు ఫోన్ చేసి "సార్, పంట డబ్బులు ఇంకా చేతికి రాలేదు, ఇప్పుడే ఈ ఖర్చు ఎట్ల పెట్టాలె?" అని అడిగారు.

నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఇంజిన్ ఆపి గేరు వేస్తే పడుతోందా? మెత్తగా పడుతోందన్నారు. మీటర్ బోర్డులో ఏదైనా లైటు వచ్చిందా? మూడు రోజులుగా ఎర్రగా గుండ్రటి గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతోందని, హ్యాండ్ బ్రేకు లైటేమో అని వదిలేశానని చెప్పారు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడమన్నాను. మట్టం కనీస గీత కిందికి పోయింది.

చాలా కార్లలో హైడ్రాలిక్ క్లచ్‌కు ఆయిల్ బ్రేక్ ఆయిల్ డబ్బా నుంచే వెళుతుంది. క్లచ్ సిలిండరు సీలు దగ్గర కారితే ముందు డబ్బాలో మట్టం తగ్గుతుంది, బ్రేకు హెచ్చరిక లైటు వెలుగుతుంది. తరువాత గొట్టంలోకి గాలి చేరి క్లచ్ పూర్తిగా విడవదు, గేరు పడదు. గేర్‌బాక్సు లోపల ఏమీ పోలేదు. వేరే షెడ్డులో క్లచ్ సిలిండరు మార్చి, గాలి తీసి, కొత్త ఆయిల్ పోస్తే బండి ఆ సాయంత్రానికే ఇల్లు చేరింది. మూడు రోజుల ముందే ఆ లైటును పట్టించుకుని ఉంటే తండ్రిని నడిరోడ్డు మీద దించాల్సిన పని ఉండేది కాదు.

శక్తి చక్రం వరకు ఎలా వెళుతుంది?

లోపం గుర్తించాలంటే దారి తెలియాలి. ఇంజిన్ శక్తి ముందు క్లచ్‌కు, అక్కడి నుంచి గేర్‌బాక్సుకు, తరువాత డిఫరెన్షియల్‌కు, అక్కడి నుంచి యాక్సిల్ ద్వారా చక్రాలకు వెళుతుంది. చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడుస్తాయి. వాటిలో డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంటుంది. పికప్ బండ్లలో సాధారణంగా గేర్‌బాక్సు నుంచి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనుక హౌసింగ్ వరకు ఉంటుంది. కాలువలో నీళ్లు పొలానికి చేరకపోతే తూము దగ్గర నుంచి మడి వరకు ఒక్కొక్కచోట చూసుకుంటూ వెళతాం. ఇక్కడా అంతే.

గేరు పడకపోతే ఏం చూడాలి?

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి ఈ పరీక్ష చేయాలి.

• ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లు మెత్తగా పడి, ఇంజిన్ ఆన్ చేయగానే పడకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. క్లచ్ ఆయిల్ మట్టం, సిలిండర్ల దగ్గర లీకు, పాత కార్లలో క్లచ్ కేబుల్ చూడాలి. గేర్‌బాక్సు దింపే ముందు ఇవి తప్పక చూడాలి.
• ఇంజిన్ ఆపినా గేరు గట్టిగా ఉంటే గేరు రాడ్డు లింకేజి, కేబుళ్లు, వాటి బుష్‌లు చూడాలి. ఇవి బయట భాగాలే. అవి బాగుంటే అప్పుడు గేర్‌బాక్సు లోపల అనుమానించాలి.
• అన్ని గేర్లూ కర్రుమంటే క్లచ్ లోపం. ఒక్క రెండో గేరు గానీ ఒక్క మూడో గేరు గానీ కర్రుమంటే ఆ గేరుకు సంబంధించిన సింక్రో రింగు అరిగిపోయి ఉండవచ్చు.
• రివర్స్ గేరు ఒక్కటే అప్పుడప్పుడు కర్రుమంటే కంగారు పడనక్కర లేదు. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రో రింగు ఉండదు. బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయాలి.
• వేసిన గేరు దానంతట అదే న్యూట్రల్‌కు జారిపోతుంటే ముందు ఇంజిన్, గేర్‌బాక్సు మౌంటింగులు చూడాలి. మౌంటింగ్ రబ్బరు తెగితే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ ఊగి గేరు లాగేస్తుంది. తరువాత లింకేజి, ఆ తరువాతే గేర్ల అరుగుదల చూడాలి.

ఇంజిన్ రైజ్ అవుతోంది, బండి కదలడం లేదు

దీనినే క్లచ్ జారడం అంటారు. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు, లోడుతో ఉన్నప్పుడు ముందుగా బయటపడుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, వేగం పెరగదు. కాలిన వాసన వస్తుంది.

ఖాళీ స్థలంలో, ముందు మనుషులు లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్‌ను నెమ్మదిగా వదలాలి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పట్టు బాగుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి. పదే పదే చేస్తే ఉన్న క్లచ్ కూడా కాలిపోతుంది. ఆటోమేటిక్, ఏఎంటీ బండ్లలో ఈ పరీక్ష చేయకూడదు.

క్లచ్ జారడానికి కారణం ప్లేటు అరుగుదల ఒక్కటే కాదు. కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా, ఇంజిన్ వెనుక ఆయిల్ సీలు కారి ప్లేటుకు ఆయిల్ అంటినా జారుతుంది. ఆయిల్ కారణమైతే సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అది కూడా కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. వేరుకుళ్లు ఉన్న మడిలో కారణం సరిచేయకుండా మళ్లీ నారు నాటినట్లే అవుతుంది.

నగరంలో క్లచ్ త్వరగా పోవడానికి మన అలవాట్లే ఎక్కువ కారణం. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద గానీ, పంజాగుట్ట ఫ్లైఓవర్ వాలు మీద గానీ బండి వెనక్కి జారకుండా హాఫ్ క్లచ్‌తో నిలబెడతారు. ఆ సేపంతా ప్లేటు రాపిడికి గురవుతూనే ఉంటుంది. వాలు మీద ఆగితే హ్యాండ్ బ్రేకు వేయాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీద నుంచి కాలు తీయాలి. ముందు బండి రెండు అడుగులు కదలగానే మనమూ కదలకుండా, కొంచెం జాగా ఏర్పడాక ఒకేసారి కదలాలి. పికప్ బండిలో అనుమతించిన బరువుకు మించి వేస్తే మొదట దెబ్బ తినేది కూడా క్లచ్చే.

శబ్దాన్ని బట్టి గుర్తించడం

• న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ తొక్కితే శబ్దం వచ్చి, వదిలితే పోతే: రిలీజ్ బేరింగు.
• న్యూట్రల్‌లో శబ్దం ఉండి, క్లచ్ తొక్కితే పోతే: గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. ముందు గేర్ ఆయిల్ మట్టం చూడాలి.
• స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టక్ టక్ మంటే: ముందు చక్రాల యాక్సిల్ జాయింటు. దాని మీది రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటుంది. తొడుగు చిరిగిన వెంటనే మారిస్తే ఖర్చు తక్కువ. వదిలేస్తే మట్టి చేరి జాయింటే మార్చాల్సి వస్తుంది.
• పికప్ బండి కదిలేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు అడుగున 'ఠంగ్' మంటే: ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు అరిగి ఉండవచ్చు. గ్రీజు నిపుల్ ఉన్న వాటికి వేళకు గ్రీజు పెట్టాలి.
• వేగంతో పాటు పెరిగే ఊళ శబ్దం, న్యూట్రల్‌లో వదిలినా తగ్గకపోతే: చక్రం బేరింగు, టైరు అరుగుదల లేదా డిఫరెన్షియల్. గేర్‌బాక్సు ముట్టుకునే ముందు ఇవి చూడాలి.

కింద పడిన చుక్కలు ఏం చెబుతాయి?

రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరచి ఉదయం చూడాలి. నల్లగా, గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, గంధకం వంటి ఘాటు వాసనతో ఉంటే గేర్ ఆయిల్. ఎర్రగా పలుచగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్. ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగుల్లో జిగటగా ఉంటే కూలెంట్. లేత పసుపు రంగులో జారుగా ఉండి, పెడల్ దగ్గర గానీ చక్రం లోపలి వైపు గానీ కనిపిస్తే బ్రేక్ ఆయిల్. ఇది ప్రమాదకరం, బండి నడపకూడదు. రంగు, వాసన లేని శుభ్రమైన నీళ్లైతే ఏసీ నీళ్లు, భయం లేదు.

కూలెంట్ పిల్లలు, పశువులు తాగితే విషం. కారిన చోట కడిగేయాలి, పాత కూలెంట్‌ను దొడ్లో పారబోయకూడదు.

ఆయిల్ విషయంలో 'ఏదైనా ఆయిలే కదా' అనుకోవద్దు. మాన్యువల్ గేర్‌బాక్సుకు 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90 వంటి వేర్వేరు గ్రేడ్లు ఉంటాయి. మీ బండికి ఏది కావాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. సీవీటీ గేర్‌బాక్సుకు దానికే తయారైన ఆయిల్ వాడాలి. సాధారణ ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపల బెల్టు, కప్పీలు దెబ్బతింటాయి. కలుపు మందు డబ్బా చూడకుండా పంట మీద కొట్టం కదా, ఇదీ అంతే జాగ్రత్తగా చూడాలి.

హెచ్చరిక లైట్లు: రంగే మొదటి సూచన

తాళం తిప్పగానే లైట్లన్నీ ఒకసారి వెలుగుతాయి. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఇది లైట్లు పనిచేస్తున్నాయో లేదో బండి తనకు తాను చేసుకునే పరీక్ష. పాత కారు కొనేవారు ఇక్కడ బాగా గమనించాలి. తాళం తిప్పినప్పుడు చెక్ ఇంజిన్ లైటు గానీ, ఎయిర్‌బ్యాగ్ లైటు గానీ అసలే వెలగకపోతే లోపం దాచడానికి బల్బు తీసేసి ఉండవచ్చు. అలాంటి బండి స్కానింగ్ చేయించకుండా కొనకూడదు.

ఎరుపు అంటే ఆపాలి. పసుపు అంటే త్వరలో చూపించాలి. ఆకుపచ్చ, నీలం సమాచారం కోసం మాత్రమే. కొన్ని కార్లలో ఉదయం నీలం రంగు థర్మామీటరు గుర్తు వస్తుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని అర్థం, కొద్దిసేపటికి పోతుంది.

ఎర్ర లైట్లు

ఆయిల్ డబ్బా గుర్తు: ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ లేదు. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. "ఇంకో కిలోమీటరే కదా" అని నడిపితే ఇంజిన్ సీజ్ అవుతుంది. పది నిమిషాలు ఆగి, చదునైన చోట డిప్‌స్టిక్‌తో మట్టం చూడాలి. ఆయిల్ సరిపడా ఉన్నా లైటు ఆరకపోతే స్టార్ట్ చేయకుండా తరలించాలి.

థర్మామీటరు గుర్తు: ఇంజిన్ మితిమీరి వేడెక్కింది. ఏసీ ఆపాలి. ట్రాఫిక్ మధ్యలో వెంటనే పక్కకు వెళ్లలేకపోతే హీటర్ పూర్తిగా వేస్తే కొంత వేడి బయటికి వస్తుంది. జాగా దొరకగానే ఇంజిన్ ఆపాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తెరవరాదు. మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కోతల కాలంలో గడ్డి, దుమ్ము రేడియేటర్ ముందు పేరుకుపోవడం మన ప్రాంతంలో సాధారణం. నగరానికి బయలుదేరే ముందు దానిని శుభ్రం చేసుకోవాలి.

గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం: హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారా చూడాలి. దించినా లైటు ఉంటే బ్రేక్ ఆయిల్ తగ్గింది. పైన చెప్పినట్లు బ్రేకు ప్యాడ్లు అరగడం, బ్రేకు లీకు, క్లచ్ లీకు ఈ మూడింటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆయిల్ పోసేసి ఊరుకుంటే కారణం అలాగే ఉండిపోతుంది.

బ్యాటరీ గుర్తు: ఛార్జింగ్ జరగడం లేదు. బెల్టు తెగిందేమో ముందు చూడాలి. కొన్ని బండ్లలో ఆ బెల్టే నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. అప్పుడు వేడి పెరుగుతుంది కాబట్టి నడపకూడదు. బెల్టు బాగుండి, వేడి మామూలుగా ఉంటే ఏసీ వంటివి ఆపి, ఇంజిన్ ఆపకుండా దగ్గరలోని షెడ్డుకు చేరవచ్చు.

పసుపు లైట్లు

చెక్ ఇంజిన్: స్థిరంగా వెలిగితే బండి మామూలుగా నడుస్తున్నంత వరకు నెమ్మదిగా వెళ్లి ఒకటి రెండు రోజుల్లో చూపించవచ్చు. మినుకు మినుకుమంటూ, ఇంజిన్ వణుకుతుంటే మాత్రం ఆపాలి. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లలో సిలిండరులో మండని ఇంధనం సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది. అది ఖరీదైన భాగం.

పళ్ల చక్రం గుర్తు, దానిలో ఆశ్చర్యార్థకం లేదా థర్మామీటరు: ఇది గేర్‌బాక్సు హెచ్చరిక. ఆటోమేటిక్, ఏఎంటీ బండ్లలో వస్తుంది. వేడి వల్ల వస్తే పక్కకు ఆపి, పీ లేదా న్యూట్రల్‌లో పెట్టి చల్లారనివ్వాలి. కొన్నిసార్లు బండి ఒకే గేరులో ఉండిపోయి నెమ్మదిగా మాత్రమే నడుస్తుంది. లోపల మరింత నష్టం జరగకుండా కంప్యూటర్ చేసే ఏర్పాటు ఇది. దగ్గరలోని షెడ్డుకు చేరడానికి మాత్రమే దీనిని వాడుకోవాలి.

నీటి చుక్కలతో గరాటు వంటి గుర్తు: డీజిల్ ఫిల్టరులో నీరు చేరింది. డ్రమ్ముల్లో నిలవ చేసిన డీజిల్ పోసేవారికి ఎక్కువగా వస్తుంది. నీరు వదిలించకుండా నడిపితే ఇంజెక్టర్లు పాడవుతాయి.

చుట్టలు చుట్టిన తీగ గుర్తు: డీజిల్ ఇంజిన్‌ను స్టార్ట్ చేసే ముందు వేడి చేస్తోంది. ఆరిపోయాక స్టార్ట్ చేయాలి. నడుస్తుండగా వెలిగితే చూపించాలి.

డీపీఎఫ్ గుర్తు: 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటోంది. రోజూ తక్కువ దూరం, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో నడిపితే మసి కాలక ఫిల్టరు నిండుతుంది. పుస్తకంలో చెప్పిన వేగంతో ఔటర్ రింగ్ రోడ్డు వంటి చోట కొంతసేపు ఆపకుండా నడిపితే చాలాసార్లు లైటు ఆరిపోతుంది.

ఒకేసారి నాలుగైదు పసుపు లైట్లు వస్తే అన్ని భాగాలూ ఒకేరోజు పాడయ్యాయని కాదు. సాధారణంగా బ్యాటరీ బలహీనపడటమో, ఎర్తింగ్ వైరు వదులవడమో, ఎలుకలు వైర్లు కొరకడమో కారణం. వడ్లు, మక్కలు నిలవ చేసిన షెడ్డులో కారు పెట్టేవారు వారానికి ఒకసారి బానెట్ ఎత్తి చూడాలి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. 12.2 కంటే తక్కువైతే బలహీనంగా ఉన్నట్లు. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. మోటారు రిపేరు చేసేవారి దగ్గర ఉండే మల్టీమీటరుతోనే ఇది చూడవచ్చు. ఏఎంటీ గేర్లు పడకపోవడానికి కూడా చాలాసార్లు బలహీనమైన బ్యాటరీయే కారణమవుతుంది. ఖరీదైన భాగాలు మార్చే ముందు బ్యాటరీ చూపించాలి.

స్కానింగ్: భూసార పరీక్ష లాంటిది

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్టు ఉంటుంది. దానికి స్కానరు పెడితే బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న కోడ్‌లు కనిపిస్తాయి. 'పీ07'తో మొదలయ్యేవి ఎక్కువగా గేర్‌బాక్సుకు సంబంధించినవి. పీ0700 అంటే గేర్‌బాక్సు నియంత్రణ వ్యవస్థలో ఏదో లోపం ఉందని మాత్రమే. అసలు కోడ్ గేర్‌బాక్సు కంప్యూటర్‌లో చదవాలి. పీ0730 అంటే గేరు నిష్పత్తి సరిగా లేదు. పీ0300 అంటే సిలిండర్లలో మంట సరిగా అందడం లేదు. పీ0562 అంటే వోల్టేజి తక్కువ.

కోడ్ అనుమానించాల్సిన చోటును మాత్రమే చెబుతుంది. ఏ భాగం మార్చాలో చెప్పదు. భూసార పరీక్షలో భాస్వరం తక్కువ అని వస్తే నేల ఉదజని సూచిక కూడా చూసి సిఫారసు చేస్తాం. అలాగే కోడ్ వచ్చాక వైరు, కనెక్టరు, ఆయిల్, బ్యాటరీ చూసిన తరువాతే భాగం మార్చాలి. కోడ్‌లు చెరిపేసే ముందు తెరను ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. చెరిపేస్తే లైటు ఆరుతుంది, లోపం పోదు.

అమీర్‌పేట, పంజాగుట్ట దారిలో బండి ఆగిపోతే

1. హజార్డ్ లైట్లు వేయాలి. కుదిరితే న్యూట్రల్‌లో ఎడమ పక్కకు తోయించాలి. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు, స్టీరింగ్ బరువుగా ఉంటాయని గుర్తుంచుకోవాలి. వాలు మీద, ముఖ్యంగా ఫ్లైఓవర్ ఎక్కే చోట, చక్రం వెనుక రాయి పెట్టాకే మనుషులు దిగాలి.
2. మనుషులను రోడ్డు వైపు కాకుండా ఎడమ వైపు నుంచి దించాలి. రోగి ఉంటే బండి కోసం ఎదురుచూడకుండా ఆటోలో పంపాలి, అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి. ఎర్రగడ్డ, ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట మెట్రో స్టేషన్లు ఈ దారిమీదే వరుసగా ఉన్నాయి. నడవగలిగినవారు మెట్రోలో కూడా వెళ్లవచ్చు.
3. ఎక్కడ ఉన్నారో చెప్పడానికి దగ్గరలోని మెట్రో పిల్లర్ నంబరు చెప్పాలి. నగరం తెలియని వారికి ఇదే తేలికైన గుర్తు. బండి దారికి అడ్డంగా ఉండి కదలకపోతే 112కు ఫోన్ చేయాలి.
4. మాన్యువల్ బండిని న్యూట్రల్‌లో కొంతదూరం లాగవచ్చు. ఆటోమేటిక్, సీవీటీ బండ్లను నడిచే చక్రాలు నేల మీద ఉంచి తాడుతో లాగితే గేర్‌బాక్సు లోపల ఆయిల్ అందక పాడవుతుంది. బండిని మొత్తంగా ఎక్కించుకునే ట్రాలీ బండినే పిలవాలి.
5. కూరగాయల లోడు ఉంటే రిపేరు సంగతి తేలేలోపే వేరే బండికి మార్చాలి. ఎండలో రెండు మూడు గంటలు నిలిస్తే ఆకుకూరలకు ధర రాదు.

వర్షాకాలంలో మరొక జాగ్రత్త. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో చాలా బండ్లు నీట మునిగాయి. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడకూడదు. ఇంజిన్‌లోకి నీరు వెళితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. గేర్‌బాక్సుకు, హౌసింగ్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం ద్వారా కూడా నీరు లోపలికి వెళుతుంది. ఆయిల్ పాల రంగులో ఉంటే నీరు కలిసినట్లే. పూర్తిగా మార్చాలి.

మెకానిక్ దగ్గర ఏం అడగాలి?

"గేర్‌బాక్సు పోయింది, చూడండి" అని మనమే చెప్పకూడదు. లక్షణం చెప్పాలి. ఏ గేరులో, వేడెక్కాకా, చల్లగా ఉన్నప్పుడా, లోడుతోనా, ఎప్పటి నుంచి అన్నది చెప్పాలి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి నడిపి చూపాలి. ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారో అడగడంలో తప్పు లేదు. మంచి మెకానిక్ సంతోషంగా చూపిస్తారు.

గేర్‌బాక్సు దింపక తప్పదంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చడం మేలు. దింపి ఎక్కించే కూలి ఒక్కసారితో పోతుంది. ఇంజిన్ వెనుక ఆయిల్ సీలు, ఫ్లైవీల్ అప్పుడే చూపించాలి. అంచనా ఖర్చు కాగితం మీద రాయించుకోవాలి, మార్చిన పాత భాగాలు తిరిగి తీసుకోవాలి, బిల్లు దాచుకోవాలి. వారంటీ ఉన్న బండిని బయట విప్పించే ముందు కంపెనీ సర్వీసు సెంటరును అడగాలి.

ట్రాక్టరు ఉన్నవారికి

ఇవే సూత్రాలు ట్రాక్టరుకూ వర్తిస్తాయి. చాలా ట్రాక్టర్లలో గేర్లు, హైడ్రాలిక్ లిఫ్టు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు ఒకే ఆయిల్‌తో పనిచేస్తాయి. దానికి పుస్తకంలో చెప్పిన ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌నే వాడాలి. దమ్ము పనులు ముగిశాక డిప్‌స్టిక్ తీసి ఆయిల్ పాల రంగులో ఉందేమో చూడాలి. దున్నేటప్పుడు క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటు మానాలి.

గుర్తుంచుకోవలసినవి

• నగరానికి బయలుదేరే ముందు ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు, టైర్ల గాలి చూడాలి. ఐదు నిమిషాల పని.
• తాళం తిప్పినప్పుడు ఏ లైట్లు వెలిగి ఆరుతున్నాయో ఇంట్లో బండి నడిపే అందరికీ చూపించాలి.
• ఎర్ర లైటు వస్తే ఆపాలి. కొత్త పసుపు లైటు వస్తే తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకుని వారం లోపు చూపించాలి.
• గేరు పడకపోతే ముందు ఇంజిన్ ఆపి వేసి చూడాలి. గేర్‌బాక్సు దింపడం చివరి పని.
• ఆసుపత్రికి వెళ్లే రోజు అనుమానం ఉన్న బండి తీయకూడదు. ఆ రోజుకు బస్సు గానీ, అద్దె బండి గానీ చూసుకోవాలి.